సారీ చెప్పిన సభ

(మహాసభల రెండవ రోజు చర్చావేదికలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "ప్రజాప్రతినిధుల మాటలు, మనం" అని. నేను రాజకీయశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ, మెల్బోర్న్‌లో ఒక ఇల్లు కొనుక్కుని, శనివారాలు గడ్డి కోసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అయితే వృత్తిరీత్యా నాకో అలవాటుంది. ఎవరైనా ఒక మాట ఇస్తే అది ఎప్పటికి, ఎంత, పూర్తయిందని ఎలా తెలుస్తుంది అని అడుగుతాను. ఈ అలవాటు మా ఇంట్లో ఎవరికీ నచ్చదు. ఆఫీసులో మాత్రం ఇందుకే జీతం ఇస్తున్నారు.

మన సంఘాల సావనీర్లు ఏవైనా తీసి చూడండి. ముందు డజను పేజీలు సందేశాలే. ప్రధానమంత్రి, ప్రీమియర్, ప్రతిపక్ష నాయకుడు, లోకల్ ఎంపీ, కౌన్సిల్ మేయర్. నవ్వుతున్న ఫోటో, లెటర్‌హెడ్, కింద సంతకం. మన సంస్కృతి గొప్పది, మన కష్టపడే తత్వం గొప్పది, మన కుటుంబ విలువలు గొప్పవి. ఉగాదికీ అవే మాటలు, దీపావళికీ అవే మాటలు. నేను వీటిని వెక్కిరించడం లేదు. ఊరు కాని ఊళ్ళో మన పండగని ఒక ప్రజాప్రతినిధి గుర్తుపెట్టుకుని కాగితం పంపడం సంతోషించదగ్గ విషయమే. 2016 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం సుమారు 34 వేలమందిమి, 2021కి సుమారు 59 వేలమందిమి అయ్యాం. ఆ లెక్క మనకంటే ముందు వాళ్ళకే తెలిసి ఉంటుంది లెండి.

నేను చెప్పదలుచుకున్నదల్లా, అదే ఎంపీ పార్లమెంటులో నిలబడి ఏమన్నారో కూడా ఒకసారి చదవండని. అక్కడ మాట్లాడే ప్రతి మాటా హాన్సార్డ్ అనే రికార్డులోకి ఎక్కుతుంది. తొంభై సెకన్ల ప్రకటన చేసినా ఎక్కుతుంది. ఎవరికైనా ఉచితం. ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. మనం కారు కొనేముందు నలభై రివ్యూలు చదువుతాం కానీ, మన వీసాల మీద ఓటు వేసేవాళ్ళు ఏం మాట్లాడారో చదవం.

ఇందాక వేదిక మీద పిల్లల పేర్లు చదువుతుంటే అందులో ఇద్దరో ముగ్గురో డీకిన్ యూనివర్సిటీ విద్యార్థులున్నారు. ఆ పేరెక్కడిదో ఎప్పుడైనా చూశారా? ఆల్‌ఫ్రెడ్ డీకిన్. ఆస్ట్రేలియాకి మూడుసార్లు ప్రధానమంత్రి. మెల్బోర్న్ తూర్పున ఆయన పేరు మీద ఒక పార్లమెంటు నియోజకవర్గం ఉంది, కాన్‌బెర్రాలో ఒక పేటకీ ఆయన పేరే. మనకి ఇంకో చుట్టరికం కూడా ఉంది. విక్టోరియాకి నీటిపారుదల చట్టం తెచ్చిన మంత్రి ఈయనే, 1886లో. ఆ తర్వాత కాలవలూ ఆనకట్టలూ చూడడానికి మన దేశం వెళ్ళి, తిరిగొచ్చి, 1893లో భారతదేశపు నీటిపారుదల మీద ఒక పుస్తకం, గుళ్ళూ సమాధుల మీద మరో పుస్తకం అచ్చువేశాడు. కాటన్ దొర పేరు చెప్పుకునే గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ మనిషి మీద సహజంగానే అభిమానం పుడుతుంది.

అదే డీకిన్ 1901 సెప్టెంబర్‌లో, మొదటి ఫెడరల్ పార్లమెంటులో, అటార్నీ జనరల్ హోదాలో, వలస నియంత్రణ బిల్లు మీద మాట్లాడాడు. అప్పటికి కాన్‌బెర్రా లేదు. మన మెల్బోర్న్ స్ప్రింగ్ స్ట్రీట్ భవనంలోనే సభ. ఆయన అన్నదాని సారాంశం ఏమిటంటే, ఈ పరాయి జాతులవాళ్ళు మనకి ప్రమాదకరం కావడానికి కారణం వాళ్ళ చెడ్డగుణాలు కావు, మంచిగుణాలే. అలసట ఎరగని శ్రమ, తక్కువతో సరిపెట్టుకోవడం, ఓర్పు. ముఖ్యంగా జపాన్ వాళ్ళని ఉద్దేశించి అన్న మాట అది. మన సందేశాల పేజీల్లో ఇవ్వాళ మనల్ని ఏ గుణాలకి మెచ్చుకుంటున్నారో, ఆ గుణాలనే చూపించి ఆనాడు తలుపు వేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో చట్టం వచ్చింది. అధికారికి ఇష్టంలేని మనిషికి ఏదో ఒక యూరోపియన్ భాషలో యాభై మాటలు డిక్టేషన్ చెప్పేవాళ్ళు. ఇంగ్లీషు వచ్చినవాడికి ఇంకో భాషలో చెప్పొచ్చు. 1958 దాకా ఆ పరీక్ష ఉంది.

డీకిన్ దుర్మార్గుడని చెప్పడానికి ఇదంతా తవ్వలేదు. మన దేశం మీద గౌరవంతో పుస్తకాలు రాసినవాడే సభలో ఆ మాట అన్నాడు. పుస్తకంలో మాటకి ఓటు లేదు, సభలో మాటకి ఉంది. అందుకని సభలో మాట విడిగా చదవాలంటున్నాను.

ఇక జాతీయ దినాల సంగతి. మనందరికీ ఏడాదిలో ఒకరోజు రెండు పండగలు వస్తాయి. జనవరి 26. పొద్దున్నే కాన్సులేట్‌లో జెండా వందనం, లడ్డూ. మధ్యాహ్నం పార్కులో బార్బెక్యూ. మీలో జనవరి 26నే పౌరసత్వం తీసుకున్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా, మూడోవంతు హాలు. నాదీ అదే రోజు. మేయర్ గారు ఒక చిన్న మొక్క ఇచ్చారు, అది రెండో వేసవికి ఎండిపోయింది.

ఆ తేదీకి ఎన్ని అర్థాలున్నాయో చూడండి. 1788లో ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ కోవ్‌లో బ్రిటిష్ జెండా పాతిన రోజు. ఆస్ట్రేలియా పౌరసత్వ చట్టం అమలులోకి వచ్చింది 1949లో, అదే రోజున. అంతకుముందు ఇక్కడివాళ్ళందరూ బ్రిటిష్ ప్రజలే. మనకి 1950లో రాజ్యాంగం వచ్చిన రోజు. మన పెద్దలు ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. లాహోర్ కాంగ్రెస్ తీర్మానం తర్వాత 1930 నుంచి జనవరి 26న ఊరూరా పూర్ణస్వరాజ్య ప్రతిజ్ఞ చేసేవారు. ఇప్పుడు నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంవత్సరం చెబుతాను. 1938. ఆ జనవరి 26న సిడ్నీలో ఒక పక్క 150 ఏళ్ళ ఉత్సవాలు జరుగుతున్నాయి. ఇంకో పక్క ఆస్ట్రేలియన్ హాల్‌లో జాక్ ప్యాటెన్, విలియమ్ ఫెర్గూసన్, విలియమ్ కూపర్ మొదలైన ఆదివాసీ నాయకులు దాన్ని సంతాపదినంగా పాటించి, పౌరహక్కులు కావాలని తీర్మానం చేశారు. అదే రోజు మన తాతలు స్వరాజ్యం కావాలని ప్రతిజ్ఞ చదివి ఉంటారు. ఒకే సామ్రాజ్యం, ఒకే తేదీ. వీళ్ళ సంగతి వాళ్ళకి తెలియదు, వాళ్ళ సంగతి వీళ్ళకి తెలియదు.

ఇప్పుడు ఆ రోజున ఎంపీలు ఇచ్చే ప్రకటనలు చదివితే ఎవరికి ఏది ఇబ్బందో తెలుస్తుంది. ఒకరు వలస వచ్చినవాళ్ళ విజయాలు మాత్రమే చెబుతారు. ఒకరు "కొందరికి ఇది బాధాకరమైన రోజు" అని ఒక్క వాక్యం చేర్చి ముందుకు పోతారు. 2017లో మెల్బోర్న్‌లో కొన్ని కౌన్సిళ్ళు ఆ రోజు వేడుక మానుకుంటే, అప్పటి ఫెడరల్ ప్రభుత్వం వాళ్ళకి పౌరసత్వ సభలు జరిపే అధికారమే తీసేసింది. 2022 డిసెంబర్‌లో తర్వాతి ప్రభుత్వం నిబంధన సడలించి, జనవరి 23 నుంచి 29 లోపు ఎప్పుడైనా జరుపుకోవచ్చంది. తేదీ మార్చాలా వద్దా అన్న వాదనలోకి నేను వెళ్ళను. వెళితే భోజనాలు చల్లారిపోతాయి. మనకి మొక్క ఇచ్చిన ఆ సభ కూడా ఒక పాలసీ వ్యవహారమే, దాని మీద పార్లమెంటులో వాదనలు నడిచాయి అని గుర్తుంటే చాలు.

అసలు విషయానికి వస్తాను. ఈ దేశపు పార్లమెంటులో జరిగిన ఒక్క ప్రసంగమే చదువుతామంటే, నేను 2008 ఫిబ్రవరి 13 నాటిది చదవమంటాను.

దాని ముందు కథ కొంచెం చెప్పాలి. దాదాపు 1910 నుంచి 1970 దాకా ఆదివాసీ పిల్లల్ని, ముఖ్యంగా మిశ్రమ సంతానాన్ని, ప్రభుత్వాలు, చర్చి సంస్థలు తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్ళి హాస్టళ్ళలోనూ తెల్లవాళ్ళ ఇళ్ళలోనూ పెంచాయి. 1997 మేలో పార్లమెంటు ముందుకొచ్చిన విచారణ నివేదిక ప్రకారం, ఆ కాలంలో పదిమంది పిల్లల్లో ఒకరి నుంచి, ముగ్గురిలో ఒకరి దాకా అలా పోయి ఉంటారు. జాతి మొత్తం తరఫున పార్లమెంటు క్షమాపణ చెప్పాలని ఆ నివేదిక సిఫార్సు చేసింది.

అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ ఒప్పుకోలేదు. వెనకటి తరాలు చేసినదానికి ఈ తరం క్షమాపణ చెప్పనక్కరలేదని ఆయన వాదన. 1999 ఆగస్ట్ 26న ఆయన ఒక తీర్మానం పెట్టాడు. అందులో గాఢమైన, మనస్ఫూర్తి అయిన "రిగ్రెట్" ఉంది. "సారీ" లేదు. అప్పుడే సెనేట్‌కి వచ్చిన ఆదివాసీ సెనేటర్ ఏడన్ రిడ్జ్‌వే ఆ పదాల మీద ఆయనతో కూర్చుని మాట్లాడి, అంతవరకైనా తెచ్చాడు.

తెలుగులో చెప్పుకుంటే ఇది మనకి బాగా అర్థమవుతుంది. "జరిగినదానికి చింతిస్తున్నాం" అని రైల్వే స్టేషన్‌లో రోజుకి పాతికసార్లు వింటాం. బండి లేటవడానికి కారకులెవరో ఆ వాక్యంలో ఉండరు. "నన్ను క్షమించండి" అన్నమాటలో "నన్ను" ఉంది. అక్కడ మనిషి దొరికిపోతాడు. హోవర్డ్ లాయరు. ఆ రెండు మాటల తేడా ఎంతో ఆయనకి బాగా తెలుసు కాబట్టే తొమ్మిదేళ్ళు ఆ ఒక్క మాట దగ్గర దేశం ఆగిపోయింది.

2007 నవంబర్‌లో ప్రభుత్వం మారింది. కొత్త పార్లమెంటు 2008 ఫిబ్రవరి 12న మొదలైంది. చరిత్రలో మొదటిసారి ఆ భూమి తాలూకు ఆదివాసీ పెద్దావిడ మటిల్డా హౌస్ సభకి స్వాగతం చెప్పారు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, మొట్టమొదటి పనిగా, కెవిన్ రడ్ లేచి తీర్మానం చదివాడు. అందులో "సారీ" మూడుసార్లు వస్తుంది. ఆ రోజు ఆఫీసుల్లో, స్కూళ్ళలో, కూడళ్ళలో పెద్ద తెరలు పెట్టుకుని జనం చూశారు.

తీర్మానం తర్వాతి ప్రసంగంలో రడ్ ఒక పెద్దావిడ కథ చెప్పాడు. ఎనభై దాటిన మనిషి. టెనెంట్ క్రీక్ దగ్గర పుట్టింది. 1932 ప్రాంతంలో పిల్లల్ని పట్టుకుపోయేవాళ్ళు వస్తారని తెలిసి, పెద్దలు వాగు ఒడ్డున గుంటలు తవ్వి పిల్లల్ని దాచారట. అయినా దొరికిపోయారు. లారీ ఎక్కించి తీసుకుపోతుంటే తల్లి పక్కన పట్టుకుని ఏడుస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల మళ్ళీ తల్లిని చూడలేదు. మీ గురించి సభలో ఏం చెప్పమంటారని రడ్ ఆవిణ్ణి అడిగితే, తల్లులందరూ ముఖ్యమే అని చెప్పమందట. కుటుంబాలని కలిపి ఉంచడం ముఖ్యమని కూడా అందట. ఈ భాగం చదివేటప్పుడు ఆగకుండా చదవగలిగితే మీరు నాకంటే గట్టివాళ్ళు.

ప్రతిపక్షం నుంచి బ్రెండన్ నెల్సన్ తీర్మానాన్ని సమర్థిస్తూనే మాట్లాడాడు. కానీ నడుమ అప్పటివాళ్ళ సదుద్దేశాల గురించి, ఆదివాసీ పల్లెల్లో ఆ రోజుల్లో జరుగుతున్న అఘాయిత్యాల గురించి చాలాసేపు చెప్పేసరికి, బయట పచ్చికలో తెర ముందు నిలబడ్డ జనం వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఓటు ఒకటే, మాట వేరు. జనం ఓటు చూడలేదు, మాట విన్నారు.

నా దృష్టిలో ఆ ప్రసంగంలో అసలు పనితనం ఏడిపించిన భాగంలో లేదు, చివర్లో ఉంది. మాటతో సరిపెట్టకుండా రడ్ కొలతలు పెట్టాడు. ఆయుర్దాయంలో తేడా ఒక తరంలో పోవాలి. పసిపిల్లల మరణాల్లో తేడా పదేళ్ళలో సగం కావాలి. నాలుగేళ్ళ పిల్లలకి ఐదేళ్ళలో చదువు మొదలవ్వాలి. ఏటా పార్లమెంటు మొదలవగానే ప్రధానమంత్రి లేచి ఎంతవరకు వచ్చిందో లెక్క చెప్పాలి. క్లోజింగ్ ద గ్యాప్ అంటారు దాన్ని. క్షమాపణకి ఒక తేదీ, ఒక అంకె తగిలించాడన్నమాట. ఏ పార్టీ ప్రధాని వచ్చినా, ఇష్టమున్నా లేకపోయినా, ఆ లెక్క చెప్పక తప్పలేదు.

లెక్క ఏమైంది? బాగా రాలేదు. 2020లో ఆ పాత పద్ధతి చివరి నివేదిక వచ్చేనాటికి ఏడు లక్ష్యాల్లో రెండే దారిలో ఉన్నాయి. పసిపిల్లల చదువు ఒకటి, పన్నెండో తరగతి పూర్తిచేయడం ఒకటి. ఆ ఏడాది జులైలో ఆదివాసీ సంస్థలతో కలిసి కొత్త ఒప్పందం రాసుకున్నారు. 2025 జులైలో ప్రొడక్టివిటీ కమిషన్ చూస్తే 19 లక్ష్యాల్లో 4 మాత్రమే దారిలో ఉన్నాయి. కొన్ని వెనక్కి పోతున్నాయి. వాటిలో ఒకటి ఏమిటో తెలుసా? కుటుంబాలకి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ఆదివాసీ పిల్లల సంఖ్య. దేనికైతే సారీ చెప్పారో దానికి చాలా దగ్గర్లో ఉన్న అంకె అది.

"చూశారా, మాటల వల్ల ఏమీ కాదు" అని ఇందులోంచి తేల్చేవాళ్ళున్నారు. నేను అలా అనుకోను. ఆ అంకె పెట్టకపోతే ఓడిపోతున్నామని కూడా మనకి తెలిసేది కాదు. సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ ఫెయిలయిందని టెస్ట్‌నే తీసేసే మేనేజర్లని నేను చూశాను. అలాంటి మేనేజర్ దగ్గర పని చెయ్యకపోవడం మేలు.

2023 అక్టోబర్ 14 నాటి రెఫరెండం సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. మనందరికీ అది ఇంకా గుర్తుంది. పార్లమెంటుకి సలహా చెప్పే ఆదివాసీ మండలిని రాజ్యాంగంలో పెట్టాలా అన్న ప్రశ్నకి దాదాపు 60 శాతం మంది వద్దన్నారు, ఆరు రాష్ట్రాలూ వద్దన్నాయి. ఆ చర్చలో సభలో అటూ ఇటూ మాట్లాడినవాళ్ళలో ఇద్దరు ఆదివాసీ మహిళలున్నారు. అవునన్న పక్షాన మంత్రి లిండా బర్నీ, కాదన్న పక్షాన నార్తర్న్ టెరిటరీ సెనేటర్ జసింటా నంపిజిన్పా ప్రైస్. మన వాట్సప్ గ్రూపుల్లో ఆ నెలల్లో చెలామణీ అయినవాటిలో ఈ ఇద్దరి ప్రసంగాలు ఎక్కడా కనబడలేదు. ఫార్వార్డులు మాత్రం కుప్పలు.

ఆ సెనేటర్ ప్రైస్ పేరు మళ్ళీ మన ఇళ్ళలో వినబడింది. 2025 ఆగస్ట్ 31న వలసలకి వ్యతిరేకంగా నగరాల్లో ఊరేగింపులు జరిగాయి. వాటి ప్రచార పత్రాల్లో మనవాళ్ళ పేరు ప్రత్యేకంగా పెట్టి, వందేళ్ళలో వచ్చిన గ్రీకులు, ఇటాలియన్లకంటే ఐదేళ్ళలో వచ్చిన ఇండియన్లు ఎక్కువని రాశారు. ఆ వారంలోనే, సెప్టెంబర్ 3న, సెనేటర్ ప్రైస్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, లేబర్ ప్రభుత్వం తనకి ఓట్లు వేస్తారని భారతీయుల్ని ఎక్కువగా రానిస్తోందన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. వలస విధానంలో దేశాన్ని బట్టి ఎంపిక లేదని తర్వాత ఒప్పుకున్నారు గానీ, క్షమాపణ మాత్రం చెప్పలేదు. వారం తిరిగేలోగా షాడో మినిస్ట్రీలో స్థానం పోయింది. అప్పటి ప్రతిపక్ష నాయకురాలు సూసన్ లీ ఆవిడ బదులు భారతీయ సమాజానికి క్షమాపణ చెప్పారు.

మా కాలనీలో ఒక పెద్దాయన, కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చినాయన, ఆ ఊరేగింపు జరిగిన ఆదివారం సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళలేదు. ఎందుకండీ అంటే కాళ్ళ నొప్పులన్నారు. సోమవారం నొప్పులు తగ్గాయి.

అంచేత మనకీ ఒక సారీ వచ్చింది. మనవాళ్ళలో కొందరు చాలా సంతోషించారు. నాకు ఆ క్షమాపణ మీద ఫిర్యాదేమీ లేదు. చెప్పాల్సిన మాట, చెప్పారు. కానీ 2008 నాటి దాని పక్కన పెట్టి చూస్తే దీనికి తేదీ లేదు, అంకె లేదు. తప్పు లేదు కూడా, అది పాలసీకి సంబంధించిన క్షమాపణ కాదు కదా. మరి పాలసీ దగ్గర మనం ఏం అడుగుతున్నాం?

2009లో ఏం జరిగిందో ఇక్కడున్న పాతవాళ్ళకి తెలుసు. మెల్బోర్న్‌లో మన తెలుగు విద్యార్థి ఒకరి మీద స్క్రూడ్రైవర్‌తో దాడి జరిగింది. మే 31న వేలమంది విద్యార్థులు నగరం నడిబొడ్డున రోడ్డు మీద కూర్చున్నారు. ఆ వెంటనే ప్రధాని రడ్ పార్లమెంటులో ఆ దాడుల్ని ఖండించారు. ఆ ఖండన మన పత్రికల్లో మొదటి పేజీల్లో వచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఇమ్మిగ్రేషన్ మంత్రి వృత్తుల జాబితా మార్చేస్తే, వంటపని, కటింగ్ కోర్సులకి లక్షలు కట్టి వచ్చిన వేల మంది పిల్లల దారి మూసుకుపోయింది. మన ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామందికి అది తగల్లేదు. అందుకని మన సంఘాల్లో దాని మీద పెద్దగా మాట కూడా రాలేదు.

ఇప్పుడు మనకి తగిలేది చెబుతాను. అమ్మానాన్నల వీసా.

హాలులో తలలు ఇటు తిరిగాయి, సంతోషం. లెక్క చూద్దాం. డబ్బు కట్టి తెచ్చుకునే కాంట్రిబ్యూటరీ పేరెంట్ వీసాకి ఒక్కొక్కరికి 48 వేల డాలర్లు దాటుతుంది. ఇద్దరికి ఎంతో మీరే వేసుకోండి. అది కట్టినా క్యూ పదేళ్ళ పైమాటే. డబ్బు తక్కువ పడే రెండో రకానికి వెయిటింగ్ ముప్ఫై ఏళ్ళ పైన అని డిపార్ట్‌మెంటే చెబుతోంది. అరవయ్యేళ్ళ నాన్న అప్లై చేస్తే తొంభై దాటాక రమ్మంటారు. 2023 మార్చిలో ప్రభుత్వమే వేయించిన సమీక్ష, ఎప్పటికీ రాని వీసాకి అప్లై చేసుకోనివ్వడం క్రూరం, అనవసరం అని రాసింది. నేను కాదు, వాళ్ళే అన్న మాట.

ఇంకోటి. బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ టెస్ట్. పిల్లల్లో సగం మందైనా ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా మిగతా ఏ ఒక్క దేశంలో కంటే ఇక్కడ ఎక్కువమంది ఉండాలి. ఒక మామూలు తెలుగు కుటుంబాన్ని తీసుకోండి. పెద్దవాడు డాలస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో, చిన్నవాడు సిడ్నీలో. ముగ్గురిలో ఒకడు సగం కాదు. దేశానికొకరు కాబట్టి ఇక్కడ ఎక్కువా కాదు. ఫెయిల్. ముగ్గురు పిల్లల్ని కని, ముగ్గుర్నీ చదివించి, ముగ్గుర్నీ ఎగరనిచ్చిన తల్లిదండ్రులు ఈ పరీక్ష తప్పుతారు. ఇక్కడ కుటుంబ విలువలకి మనల్ని మెచ్చుకున్న సందేశాలు మీ సావనీర్లలోనే ఉన్నాయి.

2016 ఎన్నికలప్పుడు రెండు పెద్ద పార్టీలూ ఎక్కువకాలం ఉండే పేరెంట్ వీసా ఇస్తామన్నాయి. 2019లో వచ్చింది. మూడేళ్ళకి 5 వేలు, ఐదేళ్ళకి 10 వేల డాలర్లతో మొదలైంది. మొత్తం మీద పదేళ్ళు మించకూడదు, పని చేయకూడదు. అంటే అరవయ్యో ఏట వచ్చిన అమ్మని డెబ్బయ్యో ఏట, మోకాళ్ళు పోయాక, విమానం ఎక్కించాలి. అయినా అది వచ్చింది ఎందుకో గమనించండి. మనలాంటివాళ్ళు అడిగారు, ఎన్నికల ముందు అడిగారు, రాతపూర్వకంగా అడిగారు. మాటకి ఒక తేదీ దొరికింది.

ఆదివాసీల దగ్గర్నుంచి లాక్కెళ్ళిన పిల్లల బాధని మన వీసా బాధతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. మన పిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. మనం మన ఇష్టంతో, మంచి జీతం కోసం, అమ్మానాన్నల్ని వదిలి విమానం ఎక్కాం. పోలిక అది కాదు. ఆ పెద్దావిడ సభకి పంపిన మాట, తల్లులందరూ ముఖ్యమేనన్న మాట, హాన్సార్డ్‌లో ఉంది. ఆ సభే మన వీసాల కోటా నిర్ణయించే చట్టాలు చేస్తుంది. దాన్ని చూపించి అడిగే హక్కు ఓటరుగా మనకి ఉంది. అలా అడిగేటప్పుడు, ఆవిడ మనవల లెక్క ఏమైందని కూడా కలిపి అడిగితే న్యాయంగా ఉంటుంది. మన సంగతి మాత్రమే అడిగే వాళ్ళని ఏ ఎంపీ అయినా ఒక ఓటు మూటగానే చూస్తాడు. సెనేటర్ ప్రైస్ అన్న మాటలో మనకి నొప్పి కలిగించింది కూడా అదే కదా.

పద్ధతి కష్టమేమీ కాదు. మీ నియోజకవర్గం పేరు ఎలక్టోరల్ కమిషన్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే వస్తుంది. ఎంపీ పేరుతో హాన్సార్డ్‌లో "పేరెంట్ వీసా" అని వెతకండి. ఏమన్నారో చదవండి. ఏమీ అనకపోతే ఆ సంగతి కూడా తెలిసినట్టే. తర్వాత ఒక పేజీ ఉత్తరం. సానుభూతి అడగొద్దు, అది వెంటనే ఇచ్చేస్తారు. మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఏడాది ఎన్ని పేరెంట్ వీసాలకి మీరు ఒప్పుకుంటారు? బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ టెస్ట్ మార్చడానికి మీరు సభలో మాట్లాడతారా, ఎప్పుడు? మన నియోజకవర్గంలో క్లోజింగ్ ద గ్యాప్ లక్ష్యాలు ఎంతవరకు వచ్చాయి? జవాబొస్తే దాన్ని వచ్చే సావనీర్‌లో సందేశాల పేజీ పక్క పేజీలో వెయ్యమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. రాకపోతే ఆ పేజీ ఖాళీగా, పైన ఎంపీ పేరు మాత్రం పెట్టి వెయ్యండి. ప్రింటింగ్ ఖర్చు నేనిస్తాను.

ఉత్తరం నమూనా ఒకటి ఇంగ్లీషులో రాసి, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర రెండొందల కాపీలు పెట్టాను. పక్కనే పెన్నులు కూడా ఉన్నాయి. పెన్నులు దయచేసి తిరిగి పెట్టెయ్యండి. ప్రశ్నలేమైనా ఉంటే భోజనాల లైనులో మాట్లాడుకుందాం, గుత్తివంకాయ అయిపోతుందని వంటవారు ఇందాకట్నుంచి సైగ చేస్తున్నారు.